కడుగునీళ్ళు

కడియపులంకలో మొక్క అమ్మినతను
మూడేళ్ళకి కాపన్నాడు.
అయిదో ఏడు దాకా ముళ్ళే కాసింది పంపరపనస.
విత్తనపు మొక్కకి ప్లాస్టిక్ తాడు చుట్టి
అంటని అంటగట్టేడని
ఆ ముళ్ళు చూసేకే తెలిసింది నాకు.

బడిలో తొంభైమందికి వంట నాది.
తొమ్మిది కేజీల బియ్యం, మూడుసార్లు కడగడం.
మొదటి కడుగు గంగాభవాని గేదెకి,
చివరి రెండూ నా బకెట్లోకి.
చెయ్యి మార్చుకుంటూ కాలవగట్టంట వస్తాను.
తొణికిన చోటల్లా చీమలు.

బోరు కొట్టి పొయ్యొచ్చు కదా సువార్తా, అంటారు.
మా బోరు నీళ్ళు
రెండేళ్ళుగా పప్పునే ఉడకనివ్వడం లేదు.
వరిచేలు రొయ్యల చెరువులయ్యేక
నేల అడుగునుంచి సముద్రం
చెప్పుల్లేకుండా నడిచొస్తోంది.
ఆకు కొసలు ముందు పసుపు,
తర్వాత మాడిన అట్టు అంచు.

ఏ చెరువు ఉప్పు నా చెట్టుని నాకుతోందో
ఆ చెరువుకే రాత్రికాపలా మా ఏసోబు.
తెల్లారొచ్చి కాళ్ళు కడుక్కుంటాడు,
చెట్టుకి ఆమడ దూరంలో,
నేను చెప్పకుండానే.
దాని గురించి మేం మాట్లాడుకోం.
జీతం ఒకటో తారీకున వస్తుంది.

లేతాకుల మీద పిట్టరెట్టలనుకున్నాను.
ఓ రెట్ట పాకింది.
అప్పణ్ణించీ బొటనవేలితో నలిపేసేదాన్ని.
నాలుగో తరగతి కెజియా చూసి
"సీతాకోకచిలక పిల్లలండీ అవి, పుస్తకంలో ఉంది" అంది.
"పుస్తకంలో పంపరపనస ఉందా?"
లేదంది.
పడమటి కొమ్మ ఒకటి వాటికి వదిలేసేను.
ఒక్క కొమ్మతో ఆగుతాయా,
ఆగలేదు.

కాలవ కట్టేసిన నెలలో
మా ఆడపడుచు ఓ ఉపాయం చెప్పింది.
ఒకళ్ళు కత్తి ఎత్తి నరికేస్తాననాలి,
ఇంకొకళ్ళు అడ్డంపడి పూచీ ఇవ్వాలి.
ఏసోబు నిద్రకళ్ళతో కొబ్బరికత్తి పట్టుకుని
"నరికేస్తానే నిన్ను" అన్నాడు, ఆవలిస్తూ.
"వద్దయ్యా, వచ్చే ఏడు కాస్తుంది, నాదీ పూచీ" అన్నాను.
నవ్వుతూ మొదలెట్టిన మాట
సగంలో గొంతుకడ్డం పడింది.
బ్యాంకులో మా ఇద్దరి కాయితాలకీ
పూచీ సంతకం పెట్టినవాళ్ళు లేరు.

ఆ శ్రావణంలో ఎర్రనీళ్ళు పెరట్లోకొచ్చి
నాలుగు రోజులు కూచున్నాయి.
దిగేక మొదలంతా ఒండు గోకి,
కారిన జిగురు చెక్కి,
సున్నం, మైలుతుత్తం కలిపి పూసేను.
నీలం లంగా కట్టినట్టుంది చెట్టు.
వరద ఉప్పుని కడిగిందో,
పూచీకి సిగ్గుపడిందో,
మాఘంలో పూసింది.
గిన్నెలు తోముతుంటే ఎక్కడిదీ వాసనని
చేతులు మూచూసుకున్నాను.

పూలు రాలేయి. పిందెలు రాలేయి.
ఒకటి రాలలేదు.
దానికి పాత చీర చింపి ఉయ్యాల కట్టేను.
కాయ బరువుకి కొమ్మ ఊగితే
అర్ధరాత్రి లేచెళ్ళి ముడి బిగించేదాన్ని.

కోసినరోజు బడికే పట్టుకెళ్ళేను.
వలిస్తే పద్నాలుగు తొనలు, తొంభై నోళ్ళు.
ముత్యం ముత్యం విడదీసి పంచేను.
తొక్క టోపీ కెజియాకి;
చెవుల దాకా దిగింది,
సాయంత్రం దాకా తియ్యలేదు.

ఒక తొన కొంగున దాచి తెచ్చేను.
ఏసోబు అలవాటుగా
ఉప్పూకారం ముంత దగ్గరికి లాక్కున్నాడు.
చెయ్యి పట్టుకున్నాను.
"ఈ ఒక్కటీ ఉప్పు లేకుండా తిను."
నా మొహంలోకి చూసేడు. తిన్నాడు.
పులుపుకి కన్ను మూతపడింది.
ఏమీ అనకుండా
టార్చిలైటు పుచ్చుకుని
చెరువుకి వెళ్ళేడు.